కాందిశీకుల పద్దుకు లెక్క అడిగినవారు



మా అమ్మమ్మ వచ్చిన ఉత్తరాలన్నీ ఒక ఇనుప తీగకు గుచ్చి వంటింటి గోడకు వేలాడదీసేది. ఆమె పోయాక ఆ తీగ గోదావరిఖనిలో మా క్వార్టరుకు చేరింది. మొన్న దసరాకు ఇల్లు దులుపుతూ ఆ ఉత్తరాలు విప్పి చూశాను. 1972 నాటి కవర్ల మీద మామూలు తపాలా బిళ్ళ పక్కన ఇంకొక చిన్న ఐదు పైసల బిళ్ళ అంటించి ఉంది. దాని మీద కాందిశీకుల సహాయం కోసమని హిందీలోనూ, ఇంగ్లీషులోనూ ముద్ర ఉంది.

ఆ బిళ్ళ కథ మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 1971 మార్చి 25 తరువాత తూర్పు పాకిస్తాన్ నుంచి మన దేశానికి జనం వరదలా వచ్చారు. ప్రభుత్వ లెక్క ప్రకారం దాదాపు 99 లక్షల మంది. అప్పటి మన ఆంధ్రప్రదేశ్ జనాభా నాలుగు కోట్ల పైచిలుకు. అంటే మన రాష్ట్రంలో నలుగురైదుగురికి ఒకరు చొప్పున కొత్తగా అన్నానికి కూర్చున్నట్లన్నమాట! వారిలో 68 లక్షల మంది 825 శిబిరాలలో ఉన్నారు. మిగిలినవారు చుట్టాల పంచన తలదాచుకున్నారు. ఆ ఏడు బడ్జెట్టులో ఆర్థికమంత్రి వై.బి. చవాన్ గారు వీరికోసం 60 కోట్లు కేటాయించారు. అది ఏ మూలకూ చాలలేదు. 1971 నవంబరు 15 నుంచి ఉత్తరాల మీద ఐదు పైసలు అదనంగా వసూలు చేశారు. రైలు టిక్కెట్ల మీద, విమానం టిక్కెట్ల మీద కూడా పన్ను వేశారు. 1973 మార్చి ఆఖరు వరకు ఆ బిళ్ళ నడిచింది.

మా అమ్మమ్మ ఏనాడూ బెంగాలు చూడలేదు. అయినా ఆ ఐదు పైసలు ఇచ్చింది. మరి అవి ఎక్కడికి వెళ్ళాయి? ఎవరు ఖర్చుపెట్టారు? ఎవరు లెక్క అడిగారు? ఇదేదో పెద్దవాళ్ళ రాజకీయం, మనకెందుకనుకోకండి. పాలవాడి చీటీ దగ్గర నుంచి చిట్‌ఫండు దాకా రోజూ లెక్క అడిగేది మనమే కదా!

కొంచెం వెనక్కి వెళదాం. దేశ విభజన జరగగానే, 1947 సెప్టెంబరులో, కాందిశీకుల కోసం కేంద్రంలో ప్రత్యేక మంత్రిత్వ శాఖ పెట్టారు. దాని మొదటి మంత్రి కె.సి. నియోగీ గారు. దిక్కులేని స్త్రీల కోసం ఆ శాఖలోనే ఒక మహిళా విభాగం ఏర్పడింది. దాని బాధ్యత తీసుకున్నది శ్రీమతి రామేశ్వరీ నెహ్రూ. భర్త పోయి, బిడ్డలు తప్పిపోయి వచ్చిన ఆడవారికి ఆశ్రయం, కుట్టుపని, చదువు చూడడం వారి పని.

అయితే ఆ శాఖ పెట్టినప్పుడు అందరూ అనుకున్నది ఒక్కటే, ఇది నాలుగు రోజుల ముచ్చట అని. పెళ్ళింట్లో గాడిపొయ్యి తవ్వినట్టు, పని కాగానే పూడ్చేద్దామనుకున్నారు. దండకు పిలిచిన వంటవాళ్ళలాగే సిబ్బందీ తాత్కాలికమే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

ఇక లెక్క అడిగే విధానం చూద్దాం. ప్రతి శాఖ తన ఖర్చును ఒక పద్దుగా రాసి లోక్‌సభ ముందు పెట్టాలి. సభ ఒప్పుకుంటేనే పైసా కదిలేది. నచ్చని సభ్యుడు కోత తీర్మానం పెట్టవచ్చు. ఆ విధానమే తప్పంటే పద్దును ఒక్క రూపాయికి తగ్గించమంటాడు. ఒక ఫిర్యాదు వినిపించాలంటే వంద రూపాయలు కోయమంటాడు. ఆ వంద మిగిలిస్తే దేశం బాగుపడుతుందని కాదు, మంత్రిగారు లేచి జవాబు చెప్పాలని! కానీ సభకు సమయం చాలదు. గడువు ముగిస్తే చర్చకు రాని పద్దులన్నిటినీ ఒక్క వేటుగా ఆమోదిస్తారు.

అందుకనే కమిటీలు వచ్చాయి. 1950 ఏప్రిల్‌లో అంచనాల సంఘం ఏర్పడింది. దాని తొలి అధ్యక్షులు మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గారు. తరువాత లోక్‌సభ స్పీకరు కూడా అయ్యారు. ఈ సంఘంలో మంత్రులు ఉండకూడదు. వీరు శాఖ కార్యదర్శులను పిలుస్తారు, ప్రశ్నలు రాసి పంపుతారు, అక్కడికి వెళ్ళి కళ్ళారా చూస్తారు. ఎంతమంది ఉద్యోగులు కావాలి, ఉన్నవాళ్ళు ఏం చేస్తున్నారు, అదే పని ఇంకా పొదుపుగా చేయవచ్చునా అని అడుగుతారు. ప్రభుత్వ లెక్కల సంఘం ఇంకొకటి. అది ఖర్చయిపోయాక కాగ్ ఆడిట్ రిపోర్టు పట్టుకుని నిలదీస్తుంది. 1967 నుంచి దానికి ప్రతిపక్ష సభ్యుణ్ణి అధ్యక్షుడిగా పెట్టడం ఆచారమైంది. ఒకటి అత్తగారనుకుంటే, ఇంకొకటి ఆడబిడ్డ!

ఇప్పుడు మనకు దగ్గరి సంగతికి వస్తాను. 1958 సెప్టెంబరులో తూర్పు బెంగాల్ కాందిశీకుల కోసం దండకారణ్య ప్రాజెక్టు పెట్టారు. ఒరిస్సాలోని ఉమర్‌కోట్, మల్కన్‌గిరి, బస్తరులోని పరల్‌కోట్, కొండగాం దాని స్థలాలు. మల్కన్‌గిరి అంటే ఎంతో దూరం కాదు, మన భద్రాచలం అడవులకు అవతల. మన దేశపు మొట్టమొదటి ఎన్నికల ప్రధానాధికారి సుకుమార్ సేన్ గారు దాని అధ్యక్షులుగా పనిచేశారు. మన పక్కన కాగజ్‌నగర్ దిక్కు ఈస్‌గాంలో కూడా 1960లలో బెంగాలీ కుటుంబాలకు భూములిచ్చి నిలిపారు. రవీంద్రనగర్, నజ్రుల్‌నగర్ అనే ఊళ్ళ పేర్లు అలా వచ్చినవే.

చేపలు, వరి, నీళ్ళు తప్ప ఎరుగని జనాన్ని తెచ్చి రాతినేల మీద నిలబెట్టారు. అడవి కొట్టడానికి ట్రాక్టర్లు, మందులకు డాక్టర్లు, పంపకాలకు అధికారులు కావాలి. ఇవన్నీ వచ్చేదాకా జనం శిబిరాలలో సర్కారు ఇచ్చే బత్తెం మీద బ్రతికారు. అటువంటి సమయంలో, 1960ల మొదట్లో, కేంద్రంలో పునరావాస శాఖను క్రమంగా మూసివేయసాగారు. పని అయిపోవచ్చిందన్నారు, ఉద్యోగులను సర్దారు. 1964 జనవరిలో తూర్పు పాకిస్తాన్‌లో మళ్ళీ అల్లర్లు రేగి లక్షల మంది వచ్చిపడ్డారు. వంటమనిషిని మాన్పించి, గిన్నెలు అటకెక్కించిన మర్నాడే చుట్టాలు దిగినట్టయింది! ఆ ఏడే మహావీర్ త్యాగి గారిని మంత్రిగా పెట్టి శాఖను మళ్ళీ నిలబెట్టవలసి వచ్చింది.

ప్రాజెక్టు లోపాలను బయటపెట్టినవారు మొదట పార్లమెంటు సభ్యులు కూడా కాదు. సుకుమార్ సేన్ గారి తరువాత అధ్యక్షులైన శైబాల్ కుమార్ గుప్తా గారు 1964లో ఆ పదవి వదులుకుని, 1965లో ఒక ఇంగ్లీషు వారపత్రికలో వరుసగా వ్యాసాలు రాశారు. నేల ఎలాంటిది, నీరెంత, ఆ భూమి మీద ఒక కుటుంబం గడుస్తుందా లేదా అని లెక్కలతో సహా చెప్పారు. కుర్చీలో కూర్చున్నవాడే లేచి నిజం చెప్పడం సామాన్యం కాదు.

అయినా పరిస్థితి చక్కబడలేదు. 1978లో లక్ష మందికి పైగా దండకారణ్యం విడిచి, మూటాముల్లె సర్దుకుని పశ్చిమ బెంగాలుకు నడిచారు. వారిలో కొందరు సుందరవనాలలోని మరిచ్‌ఝాపి దీవిలో గుడిసెలు వేసుకున్నారు. 1979లో వారిని అక్కడినుంచి బలవంతంగా వెళ్ళగొట్టారు. ప్రాణాలు పోయాయి. ఎన్ని అన్నదాని మీద నేటికీ వివాదమే. ఆ వలస మీదనే లోక్‌సభ అంచనాల సంఘం 1979లో ప్రత్యేకంగా నివేదిక ఇచ్చింది. ఇరవై ఏళ్ళు ప్రతి ఏడూ పద్దు మంజూరైంది. రసీదులున్నాయి, జీతాలు చెల్లాయి. తీరా చూస్తే ఎవరికోసం ఆ పద్దో వారు అక్కడ లేరు!

ఈ మాట రాస్తుంటే నాకు నా తప్పు ఒకటి గుర్తుకు వచ్చింది. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు మా వీధి ఆడవాళ్ళం చందాలు పోగుచేసి దుప్పట్లు పంచాం. కోశాధికారిని నేనే. పైసా తేడా లేకుండా నోటుబుక్కులో రాశాను. మురిసిపోతూ అత్తమ్మకు చూపిస్తే ఆమె అద్దాలు పెట్టుకుని చదివి, "వసూలైంది సరే గని, ముంపుల ఉన్నోళ్ళకు ఎంత ముట్టింది బిడ్డా?" అన్నది. కూడితే నూటికి ముప్పై రూపాయలు వ్యాను కిరాయికి, బ్యానరుకు, మా ఫలహారాలకే పోయాయి. లెక్క తప్పలేదు, కానీ న్యాయం తప్పింది. వ్యాను లేకుండా దుప్పట్లు నడిచిపోవు, నిజమే. బ్యానరు లేకుండా మాత్రం పోతాయి.

అందుకే, సిబ్బంది అనగానే దండగ అనడమూ పొరపాటే. బాయిలో దిగే మనిషికి లాంప్‌రూంలో, ఫ్యాను దగ్గర, దవాఖానలో మనుషులుండాలని ఈ ఊరి ఆడవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. 2015లో జర్మనీకి తొమ్మిది లక్షల మంది దాకా శరణు కోరి వచ్చారు. అర్జీలు చూసే కార్యాలయంలో మనుషులు చాలక కాగితాలు గుట్టలు పడ్డాయి. అక్కడి పార్లమెంటు బడ్జెట్టులో వేల కొత్త ఉద్యోగాలు మంజూరు చేయవలసి వచ్చింది. గుమాస్తా లేకపోతే ఒక తల్లి తన బిడ్డతో ఏళ్ళ తరబడి ఎదురుచూస్తుంది. గుమాస్తాలు ఎక్కువై పని తక్కువైతే ఆ తల్లి భాగం తరిగిపోతుంది. ఈ రెంటి నడుమ సరైన కొలత చూడడమే సభ్యుల పని.

మన దేశంలో శరణార్థుల కోసం ప్రత్యేక చట్టం లేదు. 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోనూ మనం చేరలేదు. ఆ పాత శాఖ కుదించుకుపోయి హోం మంత్రిత్వ శాఖలో ఒక భాగమైంది. 1993 నుంచి ప్రతి శాఖ పద్దును ముందుగానే పరిశీలించే స్థాయీ సంఘాలు వచ్చాయి. ఇది మంచి మార్పు. పాలు పొంగాక స్టవ్ తుడవడం కన్నా, పొంగకముందే మంట తగ్గించడం మేలు కదా.

మా కూరగాయల అంగడికి కాగజ్‌నగర్ దిక్కు నుంచి ఒక బెంగాలీ ముసలమ్మ వచ్చేది. తెలుగు మనకంటే గట్టిగా మాట్లాడేది. ఒకసారి "సర్కారు మీకేమిచ్చింది అవ్వా?" అని అడిగాను. "భూమి ఇచ్చింది. నీళ్ళు తరువాత ఇస్తామన్నది. ఆ తరువాత సారు బదిలీ అయిండు" అని నవ్వింది.

పార్లమెంటు నివేదికలు వందల పేజీలుంటాయి. నేను చదివింది పదో తరగతే గనుక, వాటి సారం ఆ అవ్వ మాటలోనే నాకు అర్థమైంది. ఎంత మంజూరైంది అని కాదు, ఎవరికి ముట్టింది, ఎప్పుడు ముట్టింది అని అడగాలి. ఓటు కోసం వచ్చినవారిని ఈసారి రోడ్డు గురించి, నల్లా గురించి అడిగినప్పుడు, ఏ సంఘంలో సభ్యులుగా ఉన్నారు, ఎన్నిసార్లు హాజరయ్యారు అని కూడా అడిగి చూడండి. అమ్మమ్మ ఐదు పైసలకైనా జవాబు రావాలి కదా!