జింకల్ని తగ్గించిందెవరు?

జింకలు ఎందుకు తగ్గాయంటే క్రూరమృగాలు తిన్నాయనో, మన గిరిజనులు వేటాడారనో అంటారు. మన తాతలు తిండికోసం వేటాడిన మాట నిజమే. కానీ కృష్ణజింక చరిత్ర చూస్తే అసలు కారణం మనకే తెలుస్తుంది.

కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. అది బతికేది దట్టమైన అడవిలో కాదు, పచ్చిక బయళ్లలో. పరుగెత్తి దాన్ని పట్టగల చీతా మన దేశంలో అంతరించిందని 1952లో ప్రకటించారు. శత్రువు పోయినా జింకలు పెరగలేదు. షికారు తుపాకులు, సాగులోకి పోయిన బీళ్లు వాటిని తగ్గించాయి. మన గన్నవరం వైపే చూడండి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక, కాలువ నీరు పారిన మేర బీళ్లు వరిమళ్లయ్యాయి. అన్నం దొరికింది, మేత నేల పోయింది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1988లో అప్పటి కర్నూలు జిల్లాలోని రోళ్లపాడు గడ్డిభూమి అభయారణ్యమైంది. అక్కడ జింకల్ని తినే తోడేళ్లున్నాయి. అయినా కృష్ణజింకలు చుట్టుపక్కల పంటల మీద పడేంతగా పెరిగాయి. గడ్డి నిలిస్తే జింకా, తోడేలూ రెండూ బతుకుతాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సరదాకైనా ఉచ్చు వేయకండి, అది నేరం. ఊరి బీడు పనికిరాని నేల అని ఎవరైనా అంటే ఈ చరిత్ర చెప్పండి.