పాతవెండి పూలు

కటకమునందు స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పాతవెండిని పారవేయుట యెన్నడును లేదు. తెగిన పట్టీలు, అరిగిన మెట్టెలు, మూతపోయిన కుంకుమభరిణె యన్నియు ఒక గుడ్డమూటలో చేరును. ఆ మూట కంసాలి యింటికి పోవు దినమున పెద్దవారు కొంచెము మౌనము వహింతురు. అందులో ఎవరి మెట్టెలున్నవో వారికి తెలియును. తిరిగి వచ్చునవి దేవునిపూజకు వెండిపూలు, లేక పెండ్లికూతురి జడకొక చామంతిబిళ్ళ.

ఈ పనిని ఒడియా భాషలో తారకసి యందురు. తార యనగా తీగయే. తెలంగాణమున కరీంనగరమునందును ఇట్టి వెండితీగపని కలదు. కరీంనగరపు పనికి 2007లోను, కటకపు పనికి 2024లోను భౌగోళిక గుర్తింపు లభించినది. ఏది ముందు, ఏది వెనుక యని మన యిండ్లలో వాదము సాగుచుండును. దానిని మేమిచ్చట తీర్పబోము.

పాతవెండిలో రాగి హెచ్చుగా నున్నచో తీగ గట్టిపడి, సన్నగా లాగునప్పుడు తెగిపోవును. కావున ముందు కరిగించి శుద్ధిచేయుదురు. పిదప కడ్డీని సాగగొట్టి, క్రమముగా చిన్నవగు రంధ్రములుగల ఉక్కుకమ్మచ్చు గుండ మరల మరల లాగుదురు. రెండు సన్నతీగలను పురివేసి అణచినచో అంచున నూగువంటి పళ్ళేర్పడును. రేకులయందలి తళుకంతయు దానిదే. లావుతీగతో రేకు చట్టమును వంచి, లోపల సన్నతీగచుట్టలను పొదిగి, వెలిగారముతో అతుకుపొడి చల్లి, గొట్టముతో మంటనూదుదురు. ఊపిరి ఒక్కింత హెచ్చినచో పువ్వంతయు ముద్దయగును. ఇంతకంటె కష్టమైనది రేకులను కూర్చుట. లోపలివరుస ముడుచుకొని, వెలుపలివరుస విచ్చుకొనవలెను. అన్నియు సమముగా నున్నచో అది పువ్వుగాక చక్రమగును. కుంకుడురసముతో కడిగినపిమ్మటగాని ఆ తెల్లదనము రాదు.

ఇదంతయు ఇంటిలోని ఒక గదిలో, ఒక కుంపటిముందు జరుగు పని. 1956లో చౌధురీబజారున దసరా దుర్గకు వెండి మేఢమును నిలిపినది మొదలు ఆ సంప్రదాయము కటకమునందు ఇతర మండపములకును వ్యాపించినది. చిన్నపువ్వును చేయు చేతులే అంత పెద్ద పనికిని కావలెను.

నిరుడు మా మూటను తీసికొనిపోగా, వృద్ధుడైన పనివాడు దానిని తూచి, శుద్ధిలో తరుగు ఎంతపోవునో ముందే చెప్పెను. తనతరువాత ఆ కుంపటిముందు కూర్చుండువారు ఇంటిలో లేరనియు చెప్పెను. మేము మూటవిప్పి, అమ్మమ్మ మెట్టె నొకదానిని వెనుకకు తీసికొని, మిగిలినది ఆయన చేతికిచ్చితిమి.