పావలా పోయింది, పావలా వడ్డీ ఉంది

సంతలో వంకాయల గంప ముందు కూర్చుని "ఎలా ఇస్తున్నావమ్మా?" అని అడిగామంటే బేరం మొదలైనట్టే. ఆ బేరంలో దొర్లే మాటలకు పెద్ద చరిత్రే ఉంది. 'వెల' మన సొంత మాట. తమిళుల విలై, కన్నడిగుల బెలె దానికి తోబుట్టువులు. 'ఖరీదు' పారసీ నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం కొనుగోలు, మన దగ్గర అది ధరగా స్థిరపడింది. 'రేటు' ఇంగ్లిషు వారిది.

వీటన్నిటికంటే గట్టిగా నిలిచినవి చెల్లని నాణేల పేర్లు. రూపాయికి 16 అణాలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా, పన్నెండణాలు ముప్పావలా. సగం, సగంలో సగం అనుకుంటూ పోతే పదహారు చక్కగా తెగుతుంది. బడి మొహం చూడని వాళ్లు కూడా ఈ లెక్క నోటితోనే చెప్పేవారు. లోటు లేని నిండుదనానికి మనం ఇప్పటికీ 'పదహారణాలు' అనే అంటాం.

1957 ఏప్రిల్ 1న రూపాయి వంద నయాపైసలైంది. చిక్కల్లా అణా దగ్గరే వచ్చింది. దాని అసలు విలువ ఆరుంబావు పైసలు. పావు పైసా నాణెం లేదు కాబట్టి అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని పట్టిక వేశారు. అణా సరుకు నాలుగుసార్లు విడివిడిగా కొంటే 24 పైసలు, ఒకేసారి కొంటే 25! చిల్లర కొట్టువాడికి ఆ పైసా చిన్నదేం కాదు.

హైదరాబాద్ రాజ్యంలో మరో మెలిక ఉండేది. నిజాం హాలీ సిక్కా వేరు, బ్రిటిషు కల్దారు వేరు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం. అందుకే ధర ఎంతో చెబితే సరిపోయేది కాదు, ఏ రూపాయో కూడా తెలియాలి.

2011 జూన్ 30తో పావలా నాణెం చెలామణీ ఆగిపోయింది. వడ్డీలో మాత్రం అది బతికే ఉంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహిళా సంఘాల రుణాలకు తెచ్చిన పథకం పేరే పావలా వడ్డీ. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి 3 శాతం.

అప్పు కూడా సరుకే, వడ్డీ దాని ధర. ఆ ధరను బ్యాంకు ఏడాదికి చెబుతుంది, ఊళ్లో అప్పిచ్చేవారు నెలకు చెబుతారు. 'మూడు రూపాయల వడ్డీ' వినడానికి తేలిక, ఏడాదికి అది 36 శాతం. నోటు మీద సంతకం పెట్టేముందు చెప్పిన అంకెను పన్నెండుతో హెచ్చవేసి చూసుకోండి. మీ ఇంట్లో పిల్లలకూ ఈ లెక్క నేర్పండి.