పొగ తగ్గాక పిట్స్‌బర్గ్

మూతపడిన ఫ్యాక్టరీల ఊరు మళ్లీ ఎలా నిలబడుతుందన్న చర్చ ఎక్కడ వచ్చినా పిట్స్‌బర్గ్ పేరు తప్పక వస్తుంది. 2009 సెప్టెంబరులో జీ-20 సదస్సును అమెరికా అక్కడ ఏర్పాటు చేసిందంటే, అందులో ఆ ఊరు కోలుకున్న తీరును ప్రపంచానికి చూపించుకోవాలన్న ఉబలాటం కొంత ఉంది. అయితే ఈ కథను అందరూ 1980ల దగ్గర మొదలుపెడతారు: మిల్లులు మూతపడ్డాయి, కంప్యూటర్లు వచ్చాయి, ఊరు బాగుపడింది అని. నిజానికి ఆ నగరాన్ని తర్వాత ఆదుకున్న సంస్థలు చాలావరకు ఉక్కు, బొగ్గు, బ్యాంకుల సొమ్ముతో మంచిరోజుల్లోనే పాతుకున్నవి. అందుకే కథ ఇంకో వందేళ్లు వెనక్కి పోవాలి.

అలెగనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహాయో నదిగా మారేచోట పుట్టిన ఊరు ఇది. చుట్టూ మంచి కోకింగ్ బొగ్గు, సరుకు మోయడానికి నీళ్లు, రైళ్లు. 1875లో ఆండ్రూ కార్నెగీ పక్కనున్న బ్రాడక్‌లో ఎడ్గర్ థామ్సన్ మిల్లు తెరిచాడు. 1883లో నదికి అవతలి ఒడ్డున హోమ్‌స్టెడ్ కర్మాగారాన్ని కొన్నాడు. 1892 జులైలో అక్కడి కార్మికుల మీదికి యాజమాన్యం పింకర్టన్ ఏజెన్సీ కాపలాదారులను పడవల్లో రప్పించింది. కాల్పులు జరిగాయి, రెండు పక్కలా మనుషులు చనిపోయారు. ఆ దెబ్బకు యూనియన్ కూలింది. తర్వాత యు.ఎస్. స్టీల్‌లో కలిసిన ఆ కంపెనీలో యూనియన్‌కు మళ్లీ గుర్తింపు రావడానికి 1937 దాకా పట్టింది. కార్నెగీ మాత్రం 1901లో తన కంపెనీని 48 కోట్ల డాలర్లకు జె.పి. మోర్గాన్‌కు అమ్మేసి, దానధర్మాలలో పడ్డాడు. అమెరికాలో ఆయన కట్టించిన మొదటి గ్రంథాలయం బ్రాడక్‌లోనే ఉంది. కార్మికుల పిల్లలకు వృత్తివిద్య నేర్పడానికని 1900లో ఆయన డబ్బిచ్చిన సాంకేతిక పాఠశాలలే 1967లో మెలన్ సంస్థతో కలిసి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం అయ్యాయి. ఆ దానం వెనక కూలి కోసిన సొమ్ము ఉందన్న మాట కాదనలేం. ఎనభై ఏళ్ల తర్వాత ఊరికి అక్కరకొచ్చింది ఆ దానమే అన్నదీ కాదనలేం.

నగరం తనను తాను మార్చుకోవడం ఉక్కు పడిపోవడానికి ముందే ఒకసారి మొదలైంది. 1940ల్లో పట్టపగలు వీధిదీపాలు వెలిగించాల్సినంత పొగ ఉండేది. పొగ నియంత్రణ చట్టం 1941లోనే వచ్చినా యుద్ధం అడ్డుపడింది. 1946 నుంచి కంపెనీలకు, మరుసటి ఏడు ఇళ్లకు అమలు చేశారు. మేయర్ డేవిడ్ లారెన్స్ డెమోక్రాట్, బ్యాంకింగ్ వారసుడు రిచర్డ్ కింగ్ మెలన్ రిపబ్లికన్. ఇద్దరూ చేతులు కలపడం వల్లే ఆ పని జరిగింది. నదుల సంగమం దగ్గరి గోదాములు, రైలుపట్టాలు పోయి పార్కు వచ్చింది, ఆఫీసు భవనాలు లేచాయి. దీన్నే అక్కడివాళ్లు మొదటి పునరుజ్జీవనం అంటారు. అదే ఊపులో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే లోయర్ హిల్ పేటను కూలగొట్టి, సుమారు 8,000 మందిని ఖాళీ చేయించి, 1961లో పెద్ద అరీనా కట్టారు. గాలి బాగుపడింది, ప్రధాన కార్యాలయాలు ఊళ్లోనే ఉండిపోయాయి. ఉక్కు మీద బతుకు ఆధారపడడం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు.

ఆ ఆధారం కూలడానికి దిగుమతులే కారణమని అప్పట్లో అందరూ జపాన్‌ను తిట్టారు. కొంత నిజం. జపాన్, యూరప్‌లలో యుద్ధానంతరం కట్టిన మిల్లుల్లో కొత్త ఆక్సిజన్ కొలుములు, ఆగకుండా పోతపోసే యంత్రాలు ఉన్నాయి. మొనాంగహేలా లోయలో చాలావరకు పాత పద్ధతులే సాగాయి. అమెరికాలోనే తుక్కు కరిగించి ఉక్కు చేసే చిన్న మిల్లులు వేరేచోట్ల లేచాయి. అధిక వడ్డీలు, బలమైన డాలరు, మాంద్యం ఒకేసారి మీదపడ్డాయి. అయితే 1982లో యు.ఎస్. స్టీల్ దాదాపు 600 కోట్ల డాలర్లు పెట్టి మారథాన్ ఆయిల్‌ను కొన్నదన్న సంగతి కూడా ఈ లెక్కలో వేయాలి. మిల్లులను బాగుచేయడానికి డబ్బు లేదన్న కంపెనీకి నూనె బావులు కొనడానికి దొరికింది.

1983 ఆరంభానికి ఆ ప్రాంతంలో నిరుద్యోగం 17 శాతం దాటింది. అదే లోయలోని డ్యూకేన్‌లో డొరోతీ సిక్స్ అనే కొలిమి ఉండేది, 1963లో కట్టింది, కంపెనీ అధ్యక్షుడి భార్య పేరు పెట్టారు. 1984లో దాన్ని ఆపేస్తే, కార్మికులు తామే నడుపుతామన్నారు. చలికి పైపులు పగలకుండా కాపాడారు, కాపలా కాశారు. పెట్టుబడి దొరకలేదు. 1988లో కూల్చేశారు. కొందరు పాస్టర్లు, కార్మికులు అయితే మెలన్ బ్యాంకు లాకర్లలో చచ్చిన చేపలు పెట్టి వచ్చారు, స్థానిక ఫ్యాక్టరీలకు అప్పు ఆపి బయటిదేశాలకు ఇస్తున్నారని కోపం. వింత నిరసనే గానీ వాళ్లు వేలు చూపింది సరైన చోటే. హోమ్‌స్టెడ్ 1986లో మూతపడింది. ఆ ప్రాంతం మొత్తంలో పోయిన తయారీ ఉద్యోగాలు లక్షకు పైమాటే. వయసులో ఉన్నవాళ్లు టెక్సాస్, ఫ్లోరిడా దారి పట్టారు. 1950లో 6,76,806 ఉన్న నగర జనాభా 2020కి 3,02,971.

1985లో నగరం, కౌంటీ, రెండు విశ్వవిద్యాలయాలు కలిసి రాష్ట్ర ప్రభుత్వం ముందు ‘స్ట్రాటజీ 21’ అనే ఉమ్మడి ప్రణాళిక పెట్టాయి. కొత్త విమానాశ్రయ టెర్మినల్, మూతపడ్డ జోన్స్ అండ్ లాఫ్లిన్ మిల్లు స్థలంలో సాంకేతిక కేంద్రం అందులోవే. ఆ ప్రణాళికకు బలం దాని కాగితంలో కన్నా అప్పటికే ఊళ్లో ఉన్న సరంజామాలో ఉంది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలోనే జోనస్ సాల్క్ పోలియో టీకా తయారుచేశాడు. 1981లో థామస్ స్టార్జెల్ వచ్చి కాలేయ మార్పిడికి ఆ ఊరిని ప్రపంచకేంద్రం చేశాడు. ఆ ఆస్పత్రుల నుంచి ఎదిగిన యూపీఎంసీ, పెన్సిల్వేనియాలో ప్రభుత్వేతర ఉద్యోగాలు అత్యధికంగా ఇచ్చే సంస్థ అయింది.

ఇక్కడే మన కాటూరు ప్రస్తావన వస్తుంది. అప్పటి చిత్తూరు జిల్లాలోని ఆ పల్లెలో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, లోకానికి రాజ్ రెడ్డి, 1969లో కార్నెగీ మెలన్‌లో చేరాడు. 1979లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఊతంతో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ పెట్టినప్పుడు దానికి మొదటి డైరెక్టర్ ఆయనే. 1991 దాకా నడిపాడు, 1994లో ట్యూరింగ్ అవార్డు పొందాడు. ఆ సంస్థ మొదటి ఉద్దేశం ఫ్యాక్టరీల ఆటోమేషన్. ఫ్యాక్టరీలు పోయాయి, పరిశోధన మిగిలింది. త్రీ మైల్ ఐలాండ్ అణుప్రమాద స్థలాన్ని శుభ్రం చేసే యంత్రాల నుంచి డ్రైవర్ లేని కార్ల దాకా అక్కడే రూపుదిద్దుకున్నాయి. ఆ రోజుల్లో అక్కడికి చేరిన మనవాళ్లు, తోటి దక్షిణాదివాళ్లు పెన్ హిల్స్ గుట్ట మీద 1970ల్లోనే వేంకటేశ్వరాలయం కట్టుకున్నారు. మిల్లు ఉద్యోగాలు ఊడుతున్న కాలంలో ఆ ఊరికి జనం కొత్తగా వచ్చిన కొద్ది దారుల్లో ఇదొకటి.

ఈ మలుపు పత్రికల్లో రాసినంత సాఫీగా లేదు. సాంకేతిక కేంద్రం కొన్నేళ్లు ఖాళీ నేలతో కునారిల్లింది. హోమ్‌స్టెడ్ మిల్లు స్థలంలో 1999లో షాపింగ్ సముదాయం తెరిచారు, పన్నెండు పొగగొట్టాలు గుర్తుగా వదిలారు. మిల్లులో యూనియన్ జీతం తీసుకున్నవాడికి దుకాణం కౌంటర్ దగ్గర దొరికేది ఎంత? అంతకన్నా చిత్రం, కోలుకుందని పేరొచ్చాక 2003 డిసెంబరులో నగరపాలక సంస్థను రాష్ట్రం ‘ఆర్థికంగా చితికిన’ జాబితాలో చేర్చింది. అందులోంచి బయటపడింది 2018లో. పింఛన్ల భారం పాతది, పన్ను కట్టే జనం సగానికి తగ్గారు. కొత్త ఆధారమైన ఆస్పత్రులు, విశ్వవిద్యాలయాలేమో లాభాపేక్ష లేని సంస్థలు కాబట్టి వాటి స్థలాల్లో చాలా వాటికి ఆస్తిపన్ను లేదు. మిల్లు పన్ను కట్టేది, ఆస్పత్రి కట్టదు. 2013లో మేయర్ లూక్ రేవెన్‌స్టాల్ హయాంలో నగరం యూపీఎంసీ మీద కోర్టుకెళ్లింది. తర్వాతి మేయర్ ఆ కేసు వదిలేశాడు.

కొత్త రంగం కూడా ఒడుదొడుకులకు అతీతం కాదు. 2015లో ఉబర్ వచ్చి కార్నెగీ మెలన్ పరిశోధకులను దాదాపు నలభై మందిని ఒక్కసారిగా ఎత్తుకుపోయింది. 2020 చివర వాళ్లతో పెట్టిన డ్రైవర్ లేని కార్ల విభాగాన్నే అమ్మేసింది. అదే రంగంలోని ఆర్గో ఏఐ కంపెనీ 2016లో పుట్టి 2022లో మూతపడింది. అయినా అందులోంచి బయటికొచ్చిన ఇంజనీర్లు చాలామంది ఊళ్లోనే ఇంకో కంపెనీలో చేరారు. ఒకే యజమాని మీద ఆధారపడిన మిల్లు పట్టణానికీ దీనికీ తేడా అదే.

బ్రాడక్‌కు ఆ వెసులుబాటు లేదు. 1920లో ఇరవై వేలు దాటిన జనం 2020కి రెండు వేల లోపు. ఉన్న ఒక్క ఆస్పత్రినీ యూపీఎంసీ 2010లో మూసేసింది. నగరం నడిబొడ్డున యు.ఎస్. స్టీల్ కట్టిన 64 అంతస్తుల భవనం నెత్తిన అప్పటికి రెండేళ్లుగా యూపీఎంసీ అక్షరాలు వెలుగుతున్నాయి. ఎడ్గర్ థామ్సన్ మిల్లు మాత్రం బ్రాడక్‌లో ఇంకా నడుస్తోంది. ఒకప్పుడు జపాన్ ఉక్కును తిట్టిన ఆ లోయలో, 2025 జూన్‌లో యు.ఎస్. స్టీల్‌ను జపాన్‌కు చెందిన నిప్పన్ స్టీల్ కొనేసింది. పెట్టుబడి పెడతామన్న హామీని చూసి స్థానిక కార్మికుల్లో పలువురు ఈ కొనుగోలును సమర్థించారు. యూనియన్ జాతీయ నాయకత్వం వ్యతిరేకించింది.