కొండెక్కే ముందు: తొలిసారి వెళ్ళే పిల్లలకు, పంపే పెద్దలకు

వానలు తగ్గి పొద్దుట మంచు పడడం మొదలవగానే మన పిల్లల నోట ఒకటే మాట: "మాస్టారూ, మహేంద్రగిరికి ఎప్పుడు తీసుకెళ్తారు?" తల్లిదండ్రుల నోట ఇంకో మాట: "తీసుకెళ్ళడం సరే మాస్టారూ, క్షేమంగా తీసుకొస్తారా?" రెండూ న్యాయమైన ప్రశ్నలే. రెండోదానికి జవాబు చెప్పగలిగినప్పుడే మొదటిదానికి తేదీ పెట్టాలి. అందుకే ఈ వ్యాసం.

మన గజపతి జిల్లాలోని మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. పైన భీముడి పేర, కుంతి పేర, యుధిష్ఠిరుడి పేర పాత రాతిగుడులు ఉన్నాయి. శివరాత్రికి వేలమంది ఎక్కుతారు. పండగనాడు దారి తప్పితే అడగడానికి పక్కన మనిషి ఉంటాడు. మామూలు రోజున అడవిదారిలో మన సంచిలో ఉన్నదే మనకు దిక్కు.

ముందుగా నా తప్పొకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం పన్నెండుమంది పిల్లల్ని ఓ చిన్న కొండకు తీసుకెళ్ళాను. బయలుదేరేసరికి పది అయింది. ఒక్కొక్కరికి ఒక్కో లీటరు సీసా. ఒంటిగంటకల్లా నీళ్ళు అయిపోయాయి. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు తలనొప్పి అని కూర్చుండిపోయాడు, వాంతి చేసుకున్నాడు. శిఖరం కళ్ళెదుటే ఉంది, ఇంకో అరగంట నడక. అయినా అందర్నీ వెనక్కి తిప్పాను. దిగుతున్నంతసేపూ పిల్లలు నాతో మాట్లాడలేదు. ఆ రోజు నేను చేసిన సరైన పని ఆ వెనక్కి తిరగడం ఒక్కటే. అంతకుముందు చేసినవన్నీ తప్పులే.

కాలం లెక్క

నేస్మిత్ అనే స్కాట్లాండు పర్వతారోహకుడు 1892లో ఓ సులువైన లెక్క చెప్పాడు. ప్రతి 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట. ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. రానూపోనూ 10 కిలోమీటర్లు, ఎక్కాల్సింది 600 మీటర్లు అనుకుందాం. రెండు, ఒకటి కలిపి మూడు గంటలు. ఇది అలవాటున్నవాళ్ళ లెక్క. కొత్తవాళ్ళకు, పిల్లలకు ఒకటిన్నర రెట్లు వేయండి: నాలుగున్నర. తిండికి, విశ్రాంతికి ఒక గంట కలిపితే ఐదున్నర గంటలు.

పొద్దున్న ఏడుకు బయలుదేరితే పన్నెండున్నరకు కింద ఉంటాం. పదికి బయలుదేరితే మూడున్నర అవుతుంది. దారిలో ఎవరికైనా కాలు మడతపడితే అంతే, చీకటి. డిసెంబరులో మన వైపు ఐదున్నరకల్లా పొద్దు కుంకిపోతుంది కదా.

నీళ్ళు, తిండి

నడకలో గంటకు సుమారు అర లీటరు నీళ్ళు కావాలి, ఎండగా ఉంటే ఇంకా ఎక్కువ. ఐదున్నర గంటలకు దాదాపు మూడు లీటర్లు. ఆనాడు ఆ పిల్లవాడి దగ్గరున్నది ఒక్క లీటరే!

దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా తాగుతుండాలి. ఓఆర్ఎస్ పొట్లాలు రెండు వెంట ఉంచుకోండి. అవి లేకపోతే లీటరు మంచినీళ్ళలో సమంగా గీసిన ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. ఉప్పు అంతకు మించకూడదు. తిండికి అటుకులు, బెల్లం, వేరుశనగ ఉండలు, అరటిపళ్ళు చాలు. నూనె పదార్థాలు దాహం పెంచుతాయి.

కాళ్ళు, బట్టలు

కొండకని కొత్త బూట్లు కొనకండి. కొన్నా ముందు రెండు వారాలు బడికి తొడుక్కు రండి. అడుగున గాళ్ళు అరిగిపోని బూట్లయితే చాలు, ఖరీదుతో పని లేదు. ముందురోజు కాలిగోళ్ళు కత్తిరించుకోండి. లేకపోతే దిగేటప్పుడు వేళ్ళు ముందుకు గుద్దుకుని గోళ్ళు నొస్తాయి. సాక్సులు రెండు జతలు. మడమ దగ్గర మంటగా అనిపించిన వెంటనే ఆగి టేపు అంటించాలి. పొక్కు వచ్చాక అంటిస్తే ఆలస్యమైనట్టే.

జీన్సు వద్దు. తడిస్తే బరువు, త్వరగా ఆరదు. నూలు బట్ట కూడా చెమట పట్టి ఉంచుతుంది, పైన గాలికి ఒణుకు పుడుతుంది. మన ఆటల డ్రెస్సు లాంటి త్వరగా ఆరే బట్ట మేలు. ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల వేడి తగ్గుతుంది. సముద్రతీరంలో 28 డిగ్రీలున్న రోజున మహేంద్రగిరి పైన 18 దగ్గర ఉంటుంది. అందుకని ఒక స్వెటరు, ఒక రెయిన్‌కోటు తప్పనిసరి.

సంచి సర్దడం

పిల్లల సంచి వాళ్ళ బరువులో పదో వంతు నుంచి పదిహేను శాతం లోపు ఉండాలి. 40 కిలోల పిల్లవాడికి 4 నుంచి 6 కిలోలు. అందులో నీళ్ళే 3 కిలోలు. మిగతావన్నీ ఆ మిగిలిన బరువులోనే సర్దాలి: తిండి, స్వెటరు, రెయిన్‌కోటు, టోపీ, టార్చి, విజిల్, టేపు, దూది, రోజూ వేసుకునే మందులు, చెత్త తెచ్చుకోవడానికి ఒక ఖాళీ సంచి. బరువైనవి వీపుకు ఆనుకుని మధ్యలో ఉండాలి. నడుము పట్టీ ఉంటే బిగించండి, భుజాల మీద భారం తగ్గుతుంది.

గుడారం వేసుకుని రాత్రి ఉండే ప్రయాణాలు తరువాతి సంగతి. ముందు నాలుగైదు పగటి నడకలు అలవాటు కావాలి.

అడవి, ఆకాశం

అటవీశాఖ అనుమతి, దారి తెలిసిన మనిషి లేకుండా బయలుదేరకూడదు. అక్కడి సవర పల్లెలవాళ్ళకు తెలిసినంతగా ఆ దారులు మనకు తెలియవు. ఎండు గడ్డి ఉన్న రోజుల్లో అసలు వద్దు. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగని కొండల్లో అడవి అంటుకుని నడకకు వెళ్ళినవాళ్ళు 20 మందికి పైగా చనిపోయారు. మంట వాలు వెంబడి పైకి మనిషి కంటే వేగంగా పాకుతుంది.

మెరుపు కనబడ్డాక 30 లెక్కపెట్టేలోపు ఉరుము వినబడితే పిడుగు దగ్గరలో ఉన్నట్టే. ఎత్తు నుంచి దిగిపోవాలి, ఒంటరి చెట్టు కిందకు పోకూడదు. చివరి ఉరుము తరువాత అరగంట ఆగాలి. పాము కరిస్తే కట్టు కట్టకండి, కోయకండి. ఆ కాలో చెయ్యో కదలనివ్వకుండా మోసుకుని తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

దారి తప్పితే నడక ఆపండి. అందరూ ఒకచోటే ఉండి, విజిల్ మూడుసార్లు ఊది, ఆగి, మళ్ళీ ఊదండి. సిగ్నల్ ఉంటే 112కు ఫోను చేయండి.

వెనక్కి తిరిగే వేళ

బయలుదేరే ముందే ఒక వేళ పెట్టుకోవాలి. ఉదాహరణకు పదిన్నర. ఆ వేళకు ఎక్కడున్నా, శిఖరం ఎంత దగ్గరున్నా తిరిగిపోవాలి. ఎవరైనా నీరసపడితే అంతకుముందే తిరగాలి. ఆ బృందంలో అందరికంటే నెమ్మదిగా నడిచేవాడి వేగమే అందరి వేగం. వాణ్ణి ముందు నడవనివ్వండి, వెనక ఒక పెద్దమనిషి ఉండాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలకు ఉబ్బసం, మూర్ఛ, మందులు పడకపోవడం లాంటివి ఉంటే దాచకండి. చెబితే తీసుకెళ్ళరేమో అనుకోవద్దు. చెబితేనే ఆ మందు మా సంచిలో కూడా ఉంటుంది. మేము కూడా ఏ దారిన వెళ్తున్నాం, ఎవరెవరు, ఎన్నింటికి తిరిగొస్తాం అన్నది మీకు రాసి ఇస్తాం. అనుకున్న వేళకు రాకపోతే ఎవరికి ఫోను చేయాలో కూడా అందులోనే ఉంటుంది.

ఆనాటి పిల్లవాడు మరుసటి ఏడాది మూడు లీటర్ల నీళ్ళతో అదే కొండ ఎక్కి వచ్చాడు. రావాలనుకునే పిల్లలు ముందుగా ఒక శనివారం సంచి సర్దుకుని బడికి తీసుకురండి. తూకం వేసి చూద్దాం.