వీధరుగు నుంచి ముందుగది దాకా



ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. మంచి మాటే. కాని ఆ చూసేవాళ్లు ఇంట్లో ఏ భాగం చూసి ఆ మాట అనేవారు? వీధి వైపా, వంటింటి వైపా? ఆ ఇంటిని తన ఇష్టప్రకారం తీర్చుకునే హక్కు ఇల్లాలికి అసలు వుండేదా? ఇవాళ కర్టెన్ల రంగు దగ్గరా, సోఫా గలీబుల దగ్గరా మనం తల బద్దలు కొట్టుకుంటున్నాం కదా, ఆ మాత్రం స్వతంత్రం మన చేతికి ఎట్లా వచ్చిందో కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం.

వచ్చినవాళ్లను ఆదరించడం మనకు కొత్త కాదు. 1509 నుంచి 1529 దాకా రాజ్యం చేసిన శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంటి అతిథిపూజను ఋతువుకొక తీరుగా వర్ణించాడు. కథ జరిగేది తమిళదేశంలోని శ్రీవిల్లిపుత్తూరులోనే అయినా, వడ్డన మాత్రం మన ఇంటి వడ్డనలాగే వుంటుంది. ఆకాశానికి చిల్లి పడ్డట్టు కురిసే వానాకాలంలో వేడి వేడి అన్నం, ఒలిచిన పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, నెయ్యి, పెరుగు. అంతా బాగుంది కాని, నాకు నచ్చినది అది కాదు. ముసురు పట్టినప్పుడు కట్టెలు అంటుకోవు గదా? ఇల్లాలి కళ్లకు పొగ తగలకుండా కొబ్బరి డొప్పలు పెట్టి వండించాడు కవి. సింహాసనం మీద కూర్చున్న మనిషికి పొయ్యి దగ్గర కూర్చున్నామె కళ్లు గుర్తొచ్చాయి. పెళ్లయి ఇరవయ్యేళ్లయినా గుర్తురాని మగవాళ్లున్నారు, వారి సంగతి ఇక్కడెందుకు లెండి!

ఇక పాత ఇంటికి వద్దాం. కోస్తాలో మండువా లోగిలి అన్నారు, తెలంగాణాలో భవంతి ఇల్లు అన్నారు. నాలుగు వైపులా వసారాలు, నడుమ ఆకాశం. నాలుగు చూర్ల నీళ్లూ లోపలికే జారి నడిమి గుంటలో పడి తూము గుండా బయటికి పోయేవి. వాన వచ్చిందంటే చూరు కింద గంగాళాలూ బిందెలూ వరసగా వెలిసేవి. గోడలు దళసరి కాబట్టి గదులు చల్లగా వుండేవి, చీకటిగానూ వుండేవి. వెలుతురంతా మండువాలోనే. అందుకనే బియ్యం ఏరుకున్నా, పిల్లకు జడ వేసినా, పత్తి ఒత్తులు చేసుకున్నా ఆడవాళ్లందరూ అక్కడికే చేరేవారు.

వీధి వైపు మాత్రం మగవాళ్ల రాజ్యం. వీధి తలుపుకు అటూ ఇటూ అరుగులు. దారిన పోయే బాటసారి అడక్కుండానే కూర్చోవచ్చు, రాత్రికి తలగుడ్డ దులుపుకుని పడుకోవచ్చు. చెంబుతో కాళ్లకు నీళ్లూ, మంచినీళ్లూ ఇచ్చేవారు. తెలుగువాళ్ల మర్యాదకు ఆ అరుగే గుర్తని చెప్పుకుంటాం. నిజమే, కాని పూర్తి నిజం కాదు. ఆ అరుగు అందరికీ అరుగు కాదు. అంటరానివాళ్లన్న ముద్ర వేయించుకున్నవాళ్లు వీధిలో దూరంగా నిలబడే మాట్లాడి పోవాలి. దాహమంటే దోసిట్లోకి ఎత్తి పోసేవారు. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 1950లో అమలులోకి వచ్చింది. అది మన అరుగులు ఎక్కడానికి మాత్రం చాలా కాలం పట్టింది. పాత ఇళ్ల అందం తలుచుకుని మురిసిపోయేటప్పుడు ఈ సంగతి దాచిపెట్టుకోవడం నాకు న్యాయంగా తోచదు.

వీధి వైపు ఇల్లాలికి దక్కిన చోటు ఒక్కటే, వాకిలి. తెల్లవారుజామున కళ్లాపి చల్లి పెట్టిన ముగ్గే ఆమె చేతిరాత. ఎవరి ముగ్గు ఎవరిదో ఆ వీధిలో చెప్పేయగలిగేవారు. ఒకామె గీత సన్నం, ఒకామె చుక్కలు కొలిచినట్టు వుంటాయి, ఇంకొకామెకు ఓపిక లేక నాలుగు గీతలు లాగేసి పోతుంది. బియ్యప్పిండి ముగ్గయితే చీమలకూ పిచ్చుకలకూ విందు. తద్దినం నాడు ముగ్గు వేయరు. కాబట్టి పొద్దెక్కినా వాకిలి బోసిగా వుంటే లోపల ఏదో వుందని దారిన పోయేవారికి తెలిసిపోయేది. గడపకు పసుపు కుంకుమలు, గుమ్మానికి మామిడాకులు, ఇవన్నీ ఆడవాళ్ల పనులే. ఇల్లు మాత్రం ఆమె పేర లేదు. ఆ సంగతికి తరవాత వస్తాను.

గోడల మీదికి బొమ్మలు ఎట్లా వచ్చాయో చెప్పాలి. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టించాడు. అంతకు ముందు రంగుల పటం అంటే కలవారి ఇళ్లకే. రవివర్మ లక్ష్మి, రవివర్మ సరస్వతి అచ్చయి ఊరూరా చేరాక, సామాన్యుల ఇళ్లలోనూ గోడకు మేకు కొట్టారు. ఆ మేకుకే తరవాత కిరాణా కొట్టు కాలెండరు వేలాడింది. దేవుడి పటాల సరసన తాతగారి ఫోటో, పెళ్లి ఫోటో చేరాయి. ఇంటి గోడ ఆ ఇంటివాళ్ల చరిత్ర చెప్పడం మొదలుపెట్టిందంటే నా మటుకు అది అప్పటి నుంచే.

ఉమ్మడి కుటుంబాలు విడిపోయాయి, టేకు దూలాల ధర అందకుండా పోయింది, సిమెంటు స్లాబు వచ్చింది. పట్నంలో అద్దె ఇంటి మూడు గదుల వరసలో మండువాకు చోటేది? అరుగు కాస్తా ముందుగది అయి లోపలికి వచ్చేసింది. అరుగుతోబాటే వచ్చిన మనిషీ లోపలికి వచ్చాడు, ఇల్లాలు కూడా ఇవతలికి వచ్చి కుర్చీలో కూర్చుని మాట్లాడసాగింది. ఇది చిన్న మార్పు కాదు. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక ముందుగదికి రేడియో పెద్ద దిక్కయింది. దానికి కుట్టుపని చేసిన గుడ్డ, పైన ఫ్లవర్ వాజు! అద్దాల షోకేసులో కొండపల్లి ఏనుగు అంబారీ, ఏటికొప్పాక లక్కపిడతలు, పూసలతో అల్లిన చిలక. చూసి నవ్వేవారు నవ్వారు గాని, తన చేత్తో చేసినది వీధి నుంచి వచ్చినవారికి కనబడేట్టు పెట్టుకునే అవకాశం మన తెలుగు ఇల్లాలికి, ముగ్గు తరవాత, అక్కడే దొరికింది. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది. అంతవరకు ఎదురెదురుగా వున్న కుర్చీలన్నీ ఒకే వైపుకు తిరిగాయి. రేడియో వింటూ పప్పు ఏరుకోవచ్చు, వచ్చినవారి ముఖం చూస్తూ మాట్లాడవచ్చు. టీవీ ఆ వీలు ఇవ్వలేదు. రేడియో మనిషిని కాబట్టి పక్షపాతం అనుకుంటే అనుకోండి.

ఇప్పుడు ఆ పేరు సంగతి. 1956 హిందూ వారసత్వ చట్టం ఆడపిల్లకు తండ్రి ఆస్తిలో వాటా ఇచ్చింది గాని, కుటుంబం కాపురముంటున్న ఇంటి దగ్గర ఒక మెలిక పెట్టింది. మగ వారసులు పంచుకుందామని అనుకునేదాకా ఆ ఇల్లు పంచమని ఆమె అడగకూడదు. అందులో వుండే హక్కయినా పెళ్లికాని కూతురికి, భర్త వదిలేసిన లేక భర్త నుంచి విడిపోయిన కూతురికి, వితంతువుకు మాత్రమే. 1986లో మన ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా జన్మహక్కు ఇచ్చింది. దాన్ని 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేశారు. అప్పటికే పెళ్లయినవారికి మాత్రం ఆ హక్కు రాలేదు. ఇంటి మీద పెట్టిన ఆ మెలిక 2005 కేంద్ర సవరణతో గాని పోలేదు. అంటే ఏళ్ల తరబడి రోజూ గడపకు పసుపు రాసిన పిల్ల ఆ గడపలో వాటా అడగడానికి దాదాపు యాభై ఏళ్లు ఆగవలసి వచ్చిందన్నమాట.

ఈ మధ్య మా వీధిలో కట్టిన ఇళ్ల గేట్లు చూస్తూ నడిచాను. రాతి పలకల మీద భర్త పేరు పక్కన భార్య పేరు చాలా చోట్ల వుంది, రెండు చోట్ల ఆమె పేరే ముందుంది. మెట్ల కింద మూడడుగుల సిమెంటు జాగాలో ఎవరో పెయింటుతో శాశ్వతంగా ముగ్గు వేయించేశారు. పక్కింటావిడ ఆ పద్ధతి ఒప్పుకోక, రోజూ పిండితోనే వేస్తోంది.