ఆకాశరామన్న ఉత్తరం

అపరాధ పరిశోధన నవల చేతికొస్తే ముందు ఆఖరి పేజీ తిప్పిచూసే వాళ్లు మనలో ఎంతమంది లేరు! ఆఖరి పేజీయే లేని కథ ఒకటుంది చూడండి.

1605లో ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్‌ని పార్లమెంటుతో సహా పేల్చెయ్యాలని కొందరు కేథలిక్కులు కుట్ర పన్నారు. తమ మతాన్ని అణగదొక్కుతున్నాడని వాళ్ల కసి. సభాభవనం కింద 36 పీపాల తుపాకిమందు దాచి, గై ఫాక్స్‌ని కాపలా పెట్టారు. అక్టోబరు 26 సాయంత్రం మాంటీగిల్ ప్రభువుకి ఊరూ పేరూ లేని ఉత్తరమొకటి వచ్చింది, సభకి వెళ్లొద్దని. ఆయన దాన్ని మంత్రులకిచ్చేశాడు. ఇంకేముంది, నవంబరు 4 అర్ధరాత్రి ఫాక్స్ దొరికిపోయాడు.

రాసిందెవరు? కుట్రలో ఉన్న బావమరిది ట్రెషామ్ అంటారు కొందరు. అతను ఆ మాట ఒప్పుకోకుండానే జైల్లో జబ్బుచేసి పోయాడు. మాంటీగిల్ సోదరి మేరీ అనీ, ఫాదరీలని దాచిన ఆన్ వాక్స్ అనీ, కాదు మాంటీగిలే పుట్టించాడనీ ఎన్నో ఊహలు.

1996లో ఈ కుట్ర చరిత్ర రాసిన ఆంటోనియా ఫ్రేజర్ డిటెక్టివు నవలలూ రాశారు. నవలలో దోషి దొరికి తీరాలి. చరిత్రకా పట్టింపు లేదు.

అయినవాళ్లే రాసి ఉంటే మాత్రం, ఒక్కణ్ణి కాపాడబోయి నిండుసభని కాపాడారు. తమవాళ్లని ఉరికంబం ఎక్కించారు. ఆ రాత్రి వాళ్లకి నిద్రెలా పట్టిందో!